నీటిపక్షుల ఫోటోగ్రఫీ: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతం

చెరువులు, రిజర్వాయర్లు, నదీతీరాల్లో బతికే పక్షులను వాటి బతుకుకు భంగం కలగకుండా ఫోటో తీయడాన్ని నీటిపక్షుల ఫోటోగ్రఫీ అంటారు. కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టూ దీనికి అనువైన నీటిపట్టులు చాలానే ఉన్నాయి. కరువుసీమగా పేరుపడిన ఈ నేలలో సహజమైన పెద్ద సరస్సులు లేవు. ఉన్న పెద్ద నీళ్లన్నీ మనుషులు కట్టలు కట్టి నిలబెట్టుకున్నవే. గేట్లు ఎత్తినప్పుడు, పంపులు నడిచినప్పుడు, తూములు తెరిచినప్పుడు ఆ నీటి అంచు జరుగుతుంది. దాంతోపాటు పక్షులూ జరుగుతాయి. అందుకే ఇక్కడ పక్షుల ఫోటోలు తీయదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది నీటిమట్టం సంగతి.

నీటి వనరులు

ఈ ప్రాంతానికి ప్రాణం పెన్న. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది గండికోట దగ్గర ఎర్రమల కొండలను చీల్చుకుని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా నెల్లూరు వైపు సాగుతుంది. పులివెందుల వైపు నుంచి చిత్రావతి, నంద్యాల వైపు నుంచి కుందూ, రాయచోటి వైపు నుంచి పాపాగ్ని దీనిలో కలుస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం పెన్న ఇసుకమేటలతో, అక్కడక్కడ మడుగులతో కనిపిస్తుంది. ఆ మడుగులే కొంగలకు, లకుముకి పిట్టలకు ఆధారం.

పెన్న మీద గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. దానికి దిగువన, జమ్మలమడుగుకు దగ్గరలో ఉన్న మైలవరం జలాశయానిది దాదాపు 10 టీఎంసీలు. పులివెందుల వైపు పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు 10 టీఎంసీలు, సింహాద్రిపురం మండలంలోని పైడిపాలెం రిజర్వాయరు 6 టీఎంసీలు పట్టేలా కట్టారు. ఒక టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్ల నీరు. గాలేరు–నగరి పథకం కింద శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా కృష్ణా వరదనీరు గండికోటకు చేరుతుంది. అక్కడి నుంచి ఎత్తిపోతలతో పైడిపాలెంకు, పార్నపల్లెకు వెళ్తుంది. కాబట్టి స్థానికంగా వాన పడని ఏడాది కూడా పడమటి కనుమల్లో కురిసిన నీరు ఇక్కడి బాతులకు విడిది కాగలదు.

ప్రొద్దుటూరు వైపు దృశ్యం వేరు. 19వ శతాబ్దంలో సాగుకు, పడవల రాకపోకలకు తవ్విన కర్నూలు–కడప కాలువ కింద వరిమళ్లున్నాయి. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనకాలే తెల్లకొంగలు, కంకణం పిట్టలు, గుల్లకొంగలు వరుస కడతాయి. పెద్ద కెమెరా లేనివారికి ఇంతకన్నా మంచి బడి ఉండదు. ట్రాక్టరుకు అలవాటుపడిన ఆ పక్షులు మనిషిని చాలా దగ్గరికి రానిస్తాయి.

చెరువుల సంప్రదాయం ఈ జిల్లాకు పాతదే. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించాడనీ, రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేశాయనీ అది చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను కూడా వివరిస్తుంది. సాగు కోసం కట్టిన అలాంటి చెరువులే తరతరాలుగా నీటిపక్షులను కూడా పోషించాయి.

నీటిలోతు, పక్షుల పంపకం

నీటిపక్షులు లోతును బట్టి నీళ్లను పంచుకుంటాయి. లోతునీళ్లలో నీటికాకులు, మునుగుడు కోళ్లు మునిగి వేటాడతాయి. గూడబాతులు గుంపుగా ఈదుతూ చేపలను తరుముతాయి. మోకాటిలోతులో ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నారాయణ పక్షులు నిలబడతాయి. సూదితోక బాతుల వంటివి తల ముంచి, తోక పైకెత్తి అడుగున ఉన్న గింజలు, వేళ్లు తింటాయి. వాటి మెడ ఎంత దూరం అందుతుందో అంతవరకే వాటి మేత. జానెడు నీళ్లలో పొడుగుకాళ్ల ఉల్లంకులు, ఆరీ ఆరని బురదలో తీతువులు, సన్న ఉల్లంకులు తిరుగుతాయి.

ఈ సంగతి తెలిస్తే నిండిన రిజర్వాయరు దగ్గర పక్షులు ఎందుకు తక్కువగా కనిపిస్తాయో అర్థమవుతుంది. నీరు పూర్తిమట్టానికి చేరినప్పుడు అంచు నేరుగా రాళ్లగట్టుకో కొండవాలుకో తగులుతుంది. అక్కడ లోతులేని నీళ్లు ఉండవు, కొంగకు కాలూనే చోటే దొరకదు. మట్టం తగ్గేకొద్దీ బురదమేటలు, తిన్నెలు, చిన్న లంకలు తేలతాయి. కుంచించుకుపోయిన నీళ్లలో చేపలు ఒకచోటికి చేరతాయి. అప్పుడు పక్షులు వందల్లో దిగుతాయి. ఆనకట్ట పక్కన నిలబడే బదులు జలాశయం ఎగువ కొసకు, నది వచ్చి కలిసేచోటికి వెళ్లడం మేలు. అక్కడ నీళ్ల లోతు క్రమంగా తగ్గుతుంది, గడ్డి ఉంటుంది, జనం రాకపోకలు తక్కువ.

ఏడాది పొడవునా

అక్టోబరు, నవంబరు నెలల్లో వలస బాతులు దిగడం మొదలవుతుంది. మధ్య ఆసియా, సైబీరియా, టిబెట్ వైపు నుంచి వచ్చే ఈ పక్షుల దారిని మధ్య ఆసియా వలసమార్గం అంటారు. సూదితోక బాతులు, గరిటెమూతి బాతులు, బాపన బాతులు దక్కను జలాశయాల్లో శీతకాలం గడుపుతాయి. తలమీద రెండు నల్లపట్టెలుండే పట్టెతల బాతు హిమాలయాలను దాటి దక్షిణాదికి వస్తుంది. ట్రాన్స్‌మిటర్లు కట్టి పరిశీలించినప్పుడు ఇవి 7,290 మీటర్ల ఎత్తున కూడా ఎగిరినట్టు తేలింది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫోటోలకు అసలైన కాలం.

మార్చి నుంచి మే దాకా వలసపక్షులు తిరిగి వెళ్తాయి. నీరు తగ్గి ఇసుకదిబ్బలు బయటపడతాయి. నదీ టెర్న్‌లు, తీతువులు నేలమీదే గుడ్లు పెట్టే కాలమిది. వానాకాలంలో గడ్డి, తామర ఉన్న చెరువుల్లో స్థానిక పక్షులు పిల్లలు చేస్తాయి. నీలి బొల్లికోళ్లు తుంగలో గూళ్లు కడతాయి. పొడుగుతోక జకానాలు తామరాకుల మీద నడుస్తూ కనిపిస్తాయి. ఈ జాతిలో గుడ్లు పొదిగేదీ, పిల్లలను కాచేదీ మగపక్షే. మునుగుడు కోడి గూడు విడిచి పోయేముందు గుడ్లమీద తడి నాచు కప్పి వెళ్తుంది. పిల్లలు పుట్టాక వాటిని వీపుమీద ఎక్కించుకుని ఈదుతుంది. ఓపికగా కూర్చునే ఫోటోగ్రాఫరుకు ఇలాంటి దృశ్యాలు తప్పకుండా దక్కుతాయి.

ఎర్రకాళ్ల కొంగ వేట

ఈ ప్రాంతపు ఫోటోగ్రాఫర్లకు అన్నిటికన్నా ఎక్కువ ఆనందాన్నిచ్చే పక్షి ఎర్రకాళ్ల కొంగ. పసుపుపచ్చని పొడవాటి ముక్కు, నారింజరంగు ముఖం, ఎదమీద నల్లగీతల పట్టీ, తోకకు దగ్గరగా రెక్కల్లో గులాబీరంగు ఈకలు దీని గుర్తులు. బురదనీళ్లలో ఇది చేపను కంటితో చూసి పట్టదు. సగం తెరిచిన ముక్కును నీళ్లలో ఉంచి అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. ఒక కాలితో అడుగున బురదను కెలుకుతుంది. ఒక్కోసారి ఒకవైపు రెక్కను చటుక్కున విప్పి మూస్తుంది. బెదిరిన చేప కదిలి ముక్కుకు తగలగానే రెప్పపాటుకన్నా ముందే ముక్కు మూసుకుంటుంది.

ఆ రెక్క విప్పిన క్షణమే ఫోటోకు పట్టు. గులాబీ ఈకలు పూర్తిగా కనిపించేది అప్పుడే. సెకనులో 2000వ వంతు షట్టర్ వేగం పెట్టుకుని, ఫోకస్ కన్నుమీద ఉంచి, కాలు కెలకడం మొదలవగానే సిద్ధంగా ఉండాలి. నాలుగైదు సార్లు చూస్తే కాలికీ రెక్కకీ ఉన్న లయ పట్టుబడుతుంది. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురంలో ఈ కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఆ ఊరివాళ్లు వాటిని తరతరాలుగా కాపాడుతున్నారు.

చరిత్ర

పక్షులను ఫోటో తీయడం 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో ఊపందుకుంది. రిచర్డ్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు 1892లో గుడ్లున్న పక్షిగూటిని ఫోటో తీశారు. 1895లో వాళ్ల పుస్తకం పూర్తిగా ఫోటోలతో వెలువడింది. పక్షులకు అనుమానం రాకుండా బోలు ఎద్దుబొమ్మ చేయించి, దాని లోపల దూరి ఫోటోలు తీశారు. భారతదేశంలో ఇ.హెచ్.ఎన్. లోథర్ రాసిన పక్షి ఫోటోగ్రఫీ పుస్తకం 1949లో వచ్చింది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీతో కలిసి తిరిగిన సింగపూరువాసి లోక్ వాన్ థో పుస్తకం 1957లో వచ్చింది. మద్రాసులో ఎం. కృష్ణన్, బెంగుళూరులో టి.ఎన్.ఎ. పెరుమాళ్ దక్షిణాదిలో ఈ విద్యకు బాట వేశారు.

పెన్న తీరానికి పక్షిశాస్త్రంతో పాత అనుబంధం ఉంది. పక్షుల ఫోటోగ్రఫీ ఊపందుకోకముందే నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన టి.సి. జెర్డాన్ ఇక్కడి పక్షులను సేకరించి, 1862–64లో వెలువడిన తన గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. 1980లో హైదరాబాదులో పక్షిప్రేమికుల సంఘం ఏర్పడింది. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది.

పరికరాలు

పక్షికి కెమెరాకు మధ్య దూరం ఎక్కువ కాబట్టి 400 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్సు వాడతారు. చిన్న సెన్సరున్న కెమెరాల్లో దృశ్యం ఒకటిన్నర రెట్లు దగ్గరగా కనిపిస్తుంది. 2020 తర్వాత వచ్చిన మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావాటిలో పక్షి కన్నును గుర్తుపట్టి దానిమీదే ఫోకస్ నిలిపే సదుపాయం ఉంది. ఇవి లక్షల్లో పని. తక్కువ ఖర్చులో 2015లో వచ్చిన నికాన్ పీ900, 2018లో వచ్చిన పీ1000 వంటి సూపర్‌జూమ్ కెమెరాలు చాలామందికి అందుబాటులో ఉన్నాయి. పీ1000 జూమ్ 3000 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం. మసకవెలుతురులోనూ, ఎగిరే పక్షుల దగ్గరా వీటికి ఇబ్బందే గానీ, నిలబడిన పక్షిని గుర్తుపట్టే ఫోటోకు బాగా పనికొస్తాయి.

ట్రైపాడ్ బదులు గుడ్డసంచిలో జొన్నలో బియ్యమో నింపి కుట్టుకుంటే చాలు. కారు కిటికీమీద, కట్టమీది రాయిమీద, నేలమీద ఎక్కడైనా లెన్సు కదలకుండా నిలబడుతుంది. కెమెరాను పక్షి కన్ను ఎత్తుకు దించడమే ఫోటో అందాన్ని ఎక్కువగా మార్చే పని. కట్టమీద నిలబడి కిందికి తీస్తే బాతు వెనకంతా నీళ్లే వస్తాయి. నీటి అంచున బోర్లా పడుకుని తీస్తే వెనకనున్న దూరపు ఒడ్డు మెత్తని రంగుగా మారి, పక్షి విడిగా నిలుస్తుంది.

వెలుగు, గాలి

సూర్యుడు ఉదయించినప్పటి నుంచి గంటన్నర, రెండు గంటలు, మళ్లీ అస్తమయానికి ముందు అంతే సమయం ఫోటోలకు మంచివి. పొద్దెక్కాక వేడెక్కిన నేల నుంచి లేచే గాలి అలలుగా కదులుతూ దూరపు పక్షిని మసకబారుస్తుంది. ఎండ 40 డిగ్రీలు దాటే కడప వేసవిలో ఉదయం తొమ్మిదికే ఇది మొదలవుతుంది. ఎంత ఖరీదైన లెన్సు కూడా దీన్ని సరిచేయలేదు. పొద్దున్నే వెళ్లడం, తక్కువ దూరంలో తీయడం మాత్రమే మార్గాలు.

పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. శీతకాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. ఉదయం తూర్పుగట్టున, సూర్యుణ్ణి వెనక ఉంచుకుని నిలబడితే లేచే బాతులు వెలుగు నిండిన ముఖంతో మనవైపే వస్తాయి. అదే రోజు సాయంత్రం పడమటిగట్టున నిలబడితే వెలుగు బాగున్నా పక్షులన్నీ తోక చూపిస్తూ వెళ్లిపోతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి హోరున వీచే రోజుల్లో ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు సాయంత్రం, పడమటిగట్టు మంచివి.

తెల్లకొంగ, నీటికాకి ఒకే చెరువులో పక్కపక్కనే ఉన్నా వాటి కొలతలు వేరు. నల్లని నీళ్ల మధ్య తెల్లకొంగను తీస్తే కెమెరా చీకటిని చూసి వెలుగు పెంచుతుంది, ఈకల గీతలు చెరిగిపోయి తెల్లని మచ్చ మిగులుతుంది. ఎక్స్‌పోజరును ఒక స్టాప్ దాకా తగ్గించి, వెలుగు పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గీత కుడి అంచు తాకకుండా చూసుకోవాలి. నీటికాకికి కొంచెం పెంచాలి, అప్పుడే నల్లరెక్కల్లోని పచ్చని నిగనిగ కనిపిస్తుంది. ఈదే పక్షికి సెకనులో 500వ వంతు, ఎగిరే పక్షికి 1600వ వంతు నుంచి పైన షట్టర్ వేగం అవసరం.

దగ్గరికి చేరడం

నేరుగా తనవైపు నడిచివచ్చే మనిషిని పక్షి వేటగాడిగానే లెక్కిస్తుంది. వంకరదారిలో, దాన్ని చూడనట్టుగా, మధ్యమధ్య ఆగుతూ వెళ్లాలి. పక్షి మేత ఆపి మెడ నిక్కించి చూస్తే అది హెచ్చరిక. అక్కడే కూర్చోవాలి. మళ్లీ మేతలో పడితేనే ఇంకో రెండడుగులు. అంతకన్నా మంచిది, పక్షులు రాకముందే తెల్లవారుజామున వెళ్లి తుమ్మచెట్టు నీడలోనో గడ్డి మాటునో కూర్చోవడం. గేదెలకు, జాలర్ల పుట్టికి పక్షులు అంతగా బెదరవు. జలాశయాల్లో చేపలు పట్టేవారితో మాట కలిపితే ఏ పక్కన బాతులు దిగుతున్నాయో, నీరు ఎంత తగ్గిందో వాళ్లే చెబుతారు. వాళ్ల వలలకు, పనివేళలకు అడ్డుపడకుండా ఉండటం మన మర్యాద.

భద్రత మరవరాదు. నీరు తీసిన నల్లరేగడి బురద పైన ఎండి గట్టిగా కనిపించినా కింద మెత్తగా ఉంటుంది, మోకాళ్లదాకా దిగబడుతుంది. పెన్నలో ఇసుక తీసిన గుంతలు నీళ్లకింద కనిపించవు. పైన గేట్లు ఎత్తితే ఎండిన ఏరు కాసేపట్లో పారుతుంది. ఒంటరిగా వెళ్లకుండా, ఇంట్లో చెప్పి వెళ్లాలి. ఆనకట్ట కట్టడాల దగ్గర ఫోటోలకు అక్కడి అధికారులను అడగాలి.

గూళ్లు, చట్టం, నియమాలు

వేసవిలో ఇసుకదిబ్బలమీద నదీ టెర్న్ గుడ్లు చూసేవారికి దాదాపు కనిపించవు. ఇసుకరంగులో మచ్చలతో రెండు మూడు గుడ్లు, గూడంటూ లేని చిన్న గుంత, అంతే. తల్లిపక్షి వాటిమీద నిలబడేది వెచ్చదనం కోసం కాదు, నీడ కోసం. మధ్యాహ్నపు ఎండలో అది కొద్ది నిమిషాలు లేచిపోతే గుడ్లలోని ప్రాణం ఉడికిపోతుంది. తీతువైతే పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మంచి ఫోటో కోసం ఆ దిబ్బమీద మనం పావుగంట నిలబడితే ఆ ఏటి సంతానం పోయినట్టే. కాబట్టి నేలగూళ్ల దగ్గరికి అసలే వెళ్లకపోవడం సరైన పని.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా ఉన్నాయి. అభయారణ్యంలో ఫోటోలు తీయడానికి ఆ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. రాయి విసిరి గుంపును లేపి ఎగిరే ఫోటో తీయడం, డ్రోన్‌తో తరమడం, ఫోన్‌లో కూత వినిపించి రప్పించడం, గూడున్న చోటు నలుగురికీ చాటడం మానుకోవాలి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన బాతుకు మేత, విశ్రాంతి రెండూ తిరుగుప్రయాణానికి పెట్టుబడి. దాన్ని అనవసరంగా లేపిన ప్రతిసారీ ఆ పెట్టుబడి కరుగుతుంది.

ఫోటో ఒక ఆధారం

కడప జిల్లా పేరు ప్రపంచ పక్షిశాస్త్రంలో నిలిచింది కలివికోడి వల్ల. అది నీటిపక్షి కాదు, ముళ్లపొదల్లో రాత్రిపూట తిరిగే పక్షి. 1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న దాన్ని 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలో మళ్లీ కనుగొన్నారు. స్థానికుల కంటిచూపే అందుకు దారి చూపింది. 1988లో తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. తర్వాత దాని ఆవాసం కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. పక్షి ఉందన్న ఆధారం చేతిలో ఉండబట్టే అది సాధ్యమైంది.

జలాశయాల పక్షులకూ అలాంటి ఆధారాలు కావాలి. మైలవరంలో ఏ మట్టం దగ్గర ఎన్ని కొంగలు దిగుతాయి, పైడిపాలెంకు బాతులు ఏ వారంలో వస్తాయి, పెన్నలో టెర్న్‌లు ఏ దిబ్బమీద పిల్లలు చేస్తాయి అన్న సమాచారం ఏళ్లతరబడి పోగైతేనే నీళ్లు వదిలే వేళల్లో, ఇసుక తీసే చోట్లలో పక్షుల గురించి అడగడానికి మాట ఉంటుంది. అందమైన ఫోటోకన్నా తేదీ, చోటు, సంఖ్య రాసిపెట్టిన మామూలు ఫోటో ఈ పనికి ఎక్కువ విలువైంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కళాశాలల విద్యార్థులు, ఉపాధ్యాయులు తమకు దగ్గరి నీటిపట్టు ఒక్కటి ఎంచుకుని నెలకోసారి వెళ్లి ఇలా నమోదు చేయాలి. ఈబర్డ్ వంటి ఉచిత వేదికల్లో వాటిని చేర్చాలి. జనవరి గణనలో పాల్గొనాలి. కెమెరా లేనివారు ఫోనూ నోటుపుస్తకమూ పట్టుకుని మొదలుపెట్టవచ్చు. మన నీళ్లమీద దిగే పక్షుల లెక్క రాసే బాధ్యత ఆ నీళ్ల పక్కన బతుకుతున్న మనదే.